ఈ-సిగరెట్‌కు మారినవారిలో శారీరక మార్పులు

పొగతాగడం వదిలి, నికోటిన్ ద్రవాన్ని వేడిచేసి ఆవిరిగా పీల్చేవారిలో కనిపించే పరిణామాలు ఇవి. ఈ-సిగరెట్ ఆధునిక రూపాన్ని 2003లో చైనాకు చెందిన హోన్ లిక్ తయారుచేశాడు. ఇందులో పొగాకు మండదు కాబట్టి రక్తంలో కార్బన్ మోనాక్సైడ్ తగ్గుతుంది. రుచి, వాసన మెల్లగా తిరిగివస్తాయి, ఆయాసం కొంత నెమ్మదిస్తుంది. ద్రవంలోని ప్రొపిలీన్ గ్లైకాల్ తేమను లాగేస్తుంది గనుక నోరు, గొంతు ఎండుతాయి. కొందరిలో దగ్గు వస్తుంది. నికోటిన్ వ్యసనం మాత్రం అలాగే ఉంటుంది.

మన దేశంలో బీడీ మానదలచినవారికి ఈ మార్గం చట్టబద్ధంగా దొరకదు. 2019 నాటి కేంద్ర చట్టం ఈ-సిగరెట్ల తయారీ, దిగుమతి, అమ్మకం, నిల్వ, ప్రకటనలను నిషేధించింది. వాడకాన్ని పేరెత్తి నేరమనలేదు. నిల్వ తప్ప మిగతావాటిలో తొలి ఉల్లంఘనకు ఏడాది వరకు జైలు, లేదా లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. నికోటిన్ చూయింగ్ గమ్‌పై ఈ నిషేధం లేదు.