పొట్టి గొట్టం, పొడుగు మంట

ముందే చెప్పేస్తున్నా, నాకు తుపాకులంటే మోజేమీ లేదు. రోజంతా కోడు రాసుకుని బతికే మనిషిని. కానీ మా తాత అన్న ఒక్క మాట పదిహేనేళ్లుగా బుర్రలో తిరుగుతోంది. దాని వెనకాల పడితే ఎక్కడెక్కడికో పోయాను.

తాతది కాటారం. ఇప్పుడు భూపాలపల్లి జిల్లాలో ఉంది గానీ 2016 దాకా కరీంనగర్ జిల్లానే. చేను అడవికి ఆనుకుని ఉండేది. అడవి పందుల బాధకి లైసెన్సు తీసుకుని ఒక బర్మారు పెట్టుకున్నాడు. భర్, మార్. అంటే నింపు, కొట్టు. గొట్టం మూతి లోంచి మందు పోసి కూరే పాతకాలపు తుపాకి అన్నమాట. ఎనిమిదో తరగతిలో ఉన్నప్పుడు "తాతా, దీన్ని సగానికి కోస్తే సినిమాలో లాగా ఒంటి చేత్తో పట్టుకోవచ్చు కదా?" అని అడిగాను. తాత నవ్వి, "గొట్టం పొట్టిగుంటే మందు ఎంత పోస్తె ఏం ఫాయిదా బిడ్డా? మంట బయటికే పోతది, దెబ్బ పంది దాకా పోదు" అన్నాడు.

తాత మందు కొనేటప్పుడు గింజ చూసేవాడు. సురేకారం, గంధకం, బొగ్గు కలిసిన నల్లమందు గింజ పైపొర నుంచి లోపలికి కాలుతుంది. గింజ సన్నమైతే గబుక్కున అంటుకుంటుంది, లావైతే నిదానంగా. చిన్న గొట్టానికి సన్న గింజ, ఫిరంగికి లావు గింజ. ఈ లెక్క ప్రపంచమంతా ఒకటే. అన్నట్టు మన దేశంలో ఈ బొగ్గుకి కందికట్టె వాడేవారు. అమెరికాలో మనవాళ్ల హోటళ్లలో కందిపొడిని 'గన్‌పౌడర్' అని రాస్తారు కదా, ఆ పేరు పెట్టినవాడికి ఈ సంగతి తెలుసో లేదో :) ఇంకో చిత్రం, 1946-51 తెలంగాణ సాయుధ పోరాటంలో జనం చేతికి వచ్చినవి వడిసెల, కారప్పొడి, బర్మారు. రెండు పొడులూ యుద్ధంలో ఉన్నాయి!

ఇంతకీ అసలు కథ ఏంటంటే, మందు ఎంచుకునే పని 19వ శతాబ్దంలో తుపాకి పట్టినవాడి చేతి లోంచి జారిపోయింది. ఇత్తడి తూటా వచ్చింది, మందు అందులో మూసుకుపోయింది. 1889లో ఏబెల్, డ్యూవర్ కార్డైట్ కనిపెట్టారు. పొగ దాదాపు రాదు, బలం ఎక్కువ. నైట్రోగ్లిసరిన్, గన్‌కాటన్, కాస్త వాజలీన్. అది కందికట్టె బొగ్గుతో అయ్యే పని కాదు. 20వ శతాబ్దం మొదట్లో నీలగిరుల్లో అరువంకాడు దగ్గర బ్రిటిష్‌వాళ్లు దానికోసమే ఫ్యాక్టరీ పెట్టారు. 1922 ఆగస్టు 22 నుంచి మూడు రోజుల్లో అల్లూరి సీతారామరాజు చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి స్టేషన్ల మీద పడి 26 తుపాకులు, 2500కి పైగా తూటాలు పట్టుకెళ్లాడు. తుపాకులు మిగులుతాయి, తూటాలు మాత్రం లెక్క ప్రకారం అయిపోతాయి. మన్యంలో ఎవడు చేసిస్తాడు కార్డైట్?

ఇక గొట్టం సంగతి. బ్రిటిష్ సైన్యం పొడుగు లీ-ఎన్‌ఫీల్డ్ గొట్టం 30.2 అంగుళాలు. 1904 నాటికి వచ్చిన పొట్టి రకానికి 25.2. మన పోలీసులు దశాబ్దాల పాటు మోసిన త్రీనాట్‌త్రీ ఈ కుటుంబానిదే. ఐదంగుళాలు పోయినా పెద్దగా నష్టం లేదు. 1944లో అడవి యుద్ధాల కోసం 'జంగిల్ కార్బైన్' అని ఇంకా తెగ్గోశారు, 18.8 అంగుళాలకి. తూటా మాత్రం పాతదే, మందు కూడా పాతదే. ఏమైంది? మూతి దగ్గర మంట. చీకట్లో ఒక్కసారి కాలిస్తే ఎక్కడున్నామో శత్రువుకి తెలిసిపోతుందని మూతికి గరాటా లాంటి తొడుగు పెట్టాల్సొచ్చింది. తుపాకి తేలికైంది కదా, భుజం మీద తన్నూ పెరిగింది. తాత చెప్పింది అచ్చంగా ఇదే.

ఇక్కడ చాలామంది (మొదట్లో నేనూ) తప్పులో కాలేస్తారు. గొట్టం పొట్టిదైతే త్వరగా కాలే మందు వాడితే సరిపోతుంది కదా, గుండు బయటికి పోయేలోపే అంతా కాలిపోతుంది అనుకుంటాం. నిజానికి గుండు గొట్టంలో ఉండేది సెకనులో వెయ్యో వంతు. మందులో ఎక్కువ భాగం మొదటి కొద్ది అంగుళాల్లోనే కాలిపోతుంది. త్వరగా కాలే మందు వెంటనే పీడనం హద్దు దాకా తెస్తుంది కాబట్టి తక్కువే వాడగలం, తక్కువ వాడితే వాయువూ తక్కువ. అందుకే పొడుగు గొట్టంలో ఎక్కువ వేగం ఇచ్చే నిదానపు మందే చాలాసార్లు పొట్టి గొట్టంలోనూ ఎక్కువ వేగం ఇస్తుంది. కాకపోతే మంట, మోత మిగులుతాయి. అంటే పోటీ వేగానికీ మంటకీ మధ్య. రెండూ ఒకేసారి దక్కవు. మెమరీ, స్పీడు లాగా అన్నమాట.

మందు మార్చి తుపాకి మార్చకపోతే ఏమవుతుందో వియత్నాంలో చూశారు. ఎం16ని ఒక రకం మందుతో పరీక్షించి, 1964 ప్రాంతంలో తూటాల్లో వేరే మందు నింపడం మొదలుపెట్టారు. కాల్పుల వేగం పెరిగింది, లోపల మసి పేరుకుంది, యుద్ధం మధ్యలో తుపాకులు ఇరుక్కుపోయాయి. సైనికులు చచ్చిపోయారు. 1967లో అమెరికన్ కాంగ్రెస్ ఉపసంఘం ఈ నిర్వాకాన్ని తప్పుబట్టింది. లైబ్రరీ వెర్షన్ మార్చి మళ్లీ టెస్ట్ చేయకుండా రిలీజ్ చేసినవాళ్లందరికీ ఇది చదివి వినిపించాలి. అదే తుపాకి గొట్టాన్ని 20 అంగుళాల నుంచి 10కి కోసి కమాండోలకిచ్చారు. మంట, మోత భరించలేక మూతికి ప్రత్యేకమైన గొట్టం తగిలించి, తర్వాత 11.5 అంగుళాలకి పెంచారు.

మన 1959 ఆయుధాల చట్టం తిరగేస్తే నవ్వొచ్చింది. ఆరో సెక్షన్ ప్రకారం లైసెన్సు లేకుండా తుపాకి గొట్టం పొట్టిగా కోయడం నేరం. పదమూడో సెక్షన్లో పంట కాపలాకి మూతి నుంచి నింపే తుపాకి అని విడిగా రాశారు. అంటే మా తాత అచ్చంగా చట్టంలో ఉన్నాడు! నేను ఎనిమిదో తరగతిలో ఇచ్చిన సలహా కూడా ఉంది, ఆరో సెక్షన్ కింద.

తాత పోయాక ఆ బర్మారుని స్టేషన్లో అప్పగించారు. రశీదు మామ దగ్గరుంది. ఎలక్షన్లొచ్చిన ప్రతిసారీ తాత దాన్ని జమ చేసి తెచ్చుకున్న పాత రశీదులు కూడా అదే ట్రంకు పెట్టెలో ఉన్నాయి, రబ్బరు బ్యాండు వేసి.