డ్రాప్‌డౌన్ మెనూలు, బ్రౌజర్ లోపాలు: సవరణల చరిత్ర

వెబ్ పేజీలో ఒక శీర్షిక మీదికి మౌస్ బాణం చేరగానే దాని కింద ఉపశీర్షికల జాబితా తెరుచుకునే ఏర్పాటును డ్రాప్‌డౌన్ మెనూ అంటారు. ఇది సక్రమంగా పనిచేయాలంటే బాణం వచ్చిన సంగతి పేజీకి తెలియాలి, తెరుచుకున్న జాబితా మిగతా అంశాలన్నిటికీ పైన కనిపించాలి. చూడటానికి చిన్నవైన ఈ రెండు అవసరాలే వెబ్ రూపకర్తలను ఏళ్ల తరబడి ఇబ్బంది పెట్టాయి.

1997లో వెలువడిన నెట్‌స్కేప్ 4, ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 4 బ్రౌజర్లు పేజీలోని భాగాలను జావాస్క్రిప్ట్ ద్వారా కదిలించడానికి వేర్వేరు పద్ధతులు పెట్టుకోవడంతో ఒకే మెనూకు రెండు రకాల ప్రోగ్రాము రాయవలసి వచ్చేది. బాణం తాకినప్పుడు అంశం రూపం మార్చే ‘హోవర్’ సూత్రాన్ని పేజీ రూపాన్ని నిర్దేశించే 1998 నాటి సీఎస్ఎస్ 2 ప్రమాణం లింకులకే పరిమితం చేయకపోయినా, 2001లో వచ్చిన ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 6 దాన్ని లింకులకు మాత్రమే వర్తింపజేసింది. 2003 నవంబరులో ‘ఎ లిస్ట్ అపార్ట్’ పత్రికలో ప్యాట్రిక్ గ్రిఫిత్స్, డాన్ వెబ్ ప్రతిపాదించిన ‘సకర్‌ఫిష్’ పద్ధతి మెనూను సాధారణ జాబితాగానే ఉంచి, లోపమున్న బ్రౌజరుకు మాత్రం కొద్దిపాటి జావాస్క్రిప్టు జోడించింది. బాణం తాకిన అంశానికి ఆ ప్రోగ్రాము ఒక తరగతి పేరు తగిలించగా, జాబితాను సీఎస్ఎస్ తెరిచేది.

రెండో అవసరం ఇంకా చిక్కైనది. అంశాలలో ఏది పైన, ఏది కింద అన్నది జెడ్-ఇండెక్స్ అనే సంఖ్య నిర్ణయిస్తుంది. అయితే దరఖాస్తు ఫారాల్లో ఎంపికకు వాడే సెలెక్ట్ పెట్టెను ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 6 ప్రత్యేక విండోగా గీసేది కనుక, ఆ సంఖ్య ఎంత పెంచినా పెట్టె మెనూను చీల్చుకుని పైకి కనిపించేది. ఆ బ్రౌజరు 5.5 రూపం నుంచి ఐఫ్రేమ్, అంటే పేజీలో ఇమిడే మరో పేజీ, జెడ్-ఇండెక్స్‌కు లోబడుతూనే సెలెక్ట్ పెట్టెను కప్పగలిగేది. అందుచేత మెనూ కొలతలతోనే ఒక ఖాళీ ఐఫ్రేమ్‌ను కంటికి కనబడకుండా చేసి మెనూ అడుగున పరిచేవారు. చిరునామా లేని ఆ ఫ్రేమ్ భద్రమైన పేజీల్లో హెచ్చరికకు దారితీస్తే, ఏమీ తెరవని జావాస్క్రిప్టు వాక్యాన్ని చిరునామాగా ఇచ్చి దాన్నీ తప్పించారు.

2006లో వచ్చిన ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ ఏడో రూపం ఈ రెండు లోపాలనూ తొలగించింది గాని, స్థానం నిర్దేశించిన ప్రతి అంశానికీ లోపలి సంఖ్యలు బయట చెల్లని సొంత దొంతర కల్పించే పాత దోషాన్ని కొనసాగించింది. దానివల్ల మెనూ తర్వాతి అంశాల కిందికి పోకుండా దాని మాతృ అంశానికే పెద్ద సంఖ్య ఇవ్వవలసి వచ్చింది. 2009 నాటి ఎనిమిదో రూపంతో ఆ దోషం తీరింది. సవరణలు పాత బ్రౌజరుకే వర్తించేలా దాని పొరపాటునే ఆనవాలుగా వాడుకున్న ‘స్టార్ హెచ్‌టీఎమ్ఎల్’ చిట్కా, ఏడో రూపం ఆ పొరపాటును దిద్దగానే నిరుపయోగమైంది. ఏ రూపానికి వర్తించాలో స్పష్టంగా చెప్పే షరతు వ్యాఖ్యలలో విడిగా ఉంచిన సవరణలను మాత్రం అసలు పేజీ చెడకుండా తీసివేయగలిగారు.

2023లో క్రోమ్ 114, సఫారీ 17లోను, 2024లో ఫైర్‌ఫాక్స్ 125లోను వచ్చిన పాపోవర్ సదుపాయం, తెరుచుకున్న జాబితాను పేజీ అంశాలన్నిటికీ పైనుండే ప్రత్యేక పొరలో ఉంచుతుంది. ఒకప్పుడు ఖాళీ ఐఫ్రేమ్‌తో సాధించిన పనిని ఇప్పుడు బ్రౌజరే చేస్తున్నది. లోపానికి చేసే సవరణ అసలు నిర్మాణంలో కలిసిపోకుండా, అవసరం తీరిన నాడు తేలికగా తొలగించడానికి వీలుగా ఉండాలన్నదే ఈ చరిత్ర నిరూపించిన నియమం.