టెలికాం ఫిర్యాదులు: జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్లలలో చాలా ఇళ్లకు ఫోన్ అంటే గల్ఫ్‌లో ఉన్న మనిషి గొంతు. కొడుకు మాట్లాడుతుండగా లైను తెగినా, అడగని సేవకు బ్యాలెన్స్ కోసినా నష్టం రూపాయలతో ఆగదు. దాన్ని ఎవరికి చెప్పుకోవాలన్నది కాలంతోపాటు మారుతూ వచ్చింది.

ప్రభుత్వ ఫోన్ ఒక్కటే ఉన్న రోజుల్లో ఫోన్ మూగబోతే 198కి చెప్పి లైన్‌మన్ కోసం ఎదురుచూసేవారు. తేలకపోతే అర్జీ పట్టుకుని కరీంనగర్ పోవాలి, లేదంటే టెలిఫోన్ అదాలత్ దాకా ఆగాలి. లైను ఇచ్చేదీ, తప్పొప్పులు తేల్చేదీ ఒకే శాఖ. 1997 ఫిబ్రవరి 20న నియంత్రణ సంస్థ ట్రాయ్ ఏర్పడ్డాక ఈ పద్ధతి మారడం మొదలైంది. 2000లో ట్రాయ్ చట్టాన్ని సవరించి తగవులు తీర్చే పనిని టీడీశాట్ అనే ట్రిబ్యునల్‌కు ఇచ్చారు. అది కంపెనీల వివాదాలు, వినియోగదారుల బృందాల వివాదాలు వింటుంది. ఒక్క మనిషి బిల్లు తగాదాను అదీ వినదు, ట్రాయ్ కూడా వినదు. చాలామంది పొరబడేది ఇక్కడే. ట్రాయ్‌కి రాసిన ఫిర్యాదు తిరిగి ఆ కంపెనీకే చేరుతుంది.

కంపెనీలు ఫిర్యాదులు ఎలా తీర్చాలో మాత్రం ట్రాయ్ కట్టడి చేసింది. 2007 నిబంధనల్లో కాల్‌సెంటర్, నోడల్ అధికారి, అప్పీలు అధికారి అని మూడు మెట్లు ఉండేవి. 2012 జనవరిలో నోడల్ అధికారి మెట్టు తీసేశారు. ఫిర్యాదు నమోదు కాగానే కంపెనీ డాకెట్ నంబరు ఇవ్వాలి, దాన్ని ఎస్సెమ్మెస్‌లోనూ పంపాలి. సాంచాల చప్పుడులో పనిచేసే సిరిసిల్ల నేతన్నకు ఫోన్‌లో చెప్పిన అంకెలు వినపడవు కాబట్టి, ఈ చిన్న నిబంధన పెద్ద ఆసరా. పరిష్కారం నచ్చకపోతే రుసుము లేకుండా అప్పీలు చేసుకోవచ్చు, దాన్ని 39 రోజుల్లో తేల్చాలి.

పేదలను ఎక్కువగా పిండింది విలువ ఆధారిత సేవల బాదుడు. కోరుట్లలో బీడీలు చుట్టే ఒకామె సాయంత్రం 50 రూపాయల రీఛార్జ్ చేయించుకుందనుకుందాం. తెల్లారి చూస్తే కాలర్ ట్యూన్ పేరుతో 30 పోయి ఉంటాయి. చెప్పినా వినే దిక్కుండేది కాదు. 2013 జులైలో ట్రాయ్ రెండుసార్లు ఒప్పుకోలు తీసుకోనిదే ఏ సేవా మొదలుపెట్టొద్దంది, ఆపించుకోవడానికి 155223 నంబరు పెట్టించింది. కాల్ తెగితే రూపాయి పరిహారం ఇవ్వాలన్న 2015 నాటి నిబంధన మాత్రం నిలవలేదు. 2016 మే 11న సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది.

కోర్టు దారి కూడా కొంతకాలం మూసుకుపోయింది. 1885 నాటి టెలిగ్రాఫ్ చట్టం ప్రకారం ఫోన్ బిల్లుల తగాదా వినియోగదారుల ఫోరంలో చెల్లదని 2009లో సుప్రీంకోర్టు చెప్పింది. 2022 ఫిబ్రవరిలో అదే కోర్టు, వినియోగదారుల కమిషన్లకు ఆ అధికారం ఉందని తేల్చింది. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం వల్ల ఫిర్యాదుదారు తాను ఉండే చోటే కేసు వేయొచ్చు. 5 లక్షల రూపాయల లోపు వాటికి రుసుము లేదు.

గల్ఫ్‌లో పరిస్థితి వేరు. యూఏఈలో కంపెనీ తేల్చకపోతే అక్కడి నియంత్రణ సంస్థ టీడీఆర్ఏ ఒక్కరి ఫిర్యాదునైనా తీసుకుంటుంది. దుబాయిలో కొడుక్కి ఉన్న ఈ వీలు కోరుట్లలో తల్లికి లేకపోవడం మన వ్యవస్థలో పెద్ద లోటు.

2024 అక్టోబరు 1 నుంచి అమల్లోకి వచ్చిన సేవా ప్రమాణాల్లో జిల్లాకు విలువ పెరిగింది. ఒక జిల్లాలో నెట్‌వర్క్ 24 గంటలకు మించి పడిపోతే పోస్ట్‌పెయిడ్ వారికి బిల్లులో తగ్గింపు, ప్రీపెయిడ్ వారికి గడువు పొడిగింపు ఇవ్వాలి. జగిత్యాల, సిరిసిల్ల 2016 అక్టోబరు 11న వేరు జిల్లాలయ్యాయి కాబట్టి ఇక్కడి అంతరాయాన్ని ఇప్పుడు విడిగానే లెక్కించాలి.