చూసినట్టే రాసిన రాయవాచకం

తామరైపాక్కం ఆనకట్ట దగ్గర కొసస్థలి ఏటి నీళ్ళు చోళవరం చెరువు వైపు మళ్ళుతాయి. అక్కడి నుంచి తిరువళ్ళూరు మీదుగా తిరుత్తణి దాకా ఏ తెలుగు ఇంట్లోనైనా పెద్దవాళ్ళ దగ్గర కూర్చుని మన పూర్వీకులు ఎప్పుడొచ్చారని అడిగితే, చాలాచోట్ల వచ్చే జవాబు ఒకటే: రాయల కాలంలో. దానికి రాగిరేకూ ఉండదు, కాగితమూ ఉండదు. తాత చెప్పాడు, ఆయనకు వాళ్ళ తాత చెప్పాడు, అంతే. తమిళదేశంలో స్థిరపడిన తెలుగువాళ్ళకు కృష్ణదేవరాయలంటే ఇంటి పెద్దతో సమానం. అందుకే ఆయన కొలువును కళ్ళారా చూసిన మనిషి రాసిందని చెప్పే తెలుగు పుస్తకం ఒకటి బయటపడినప్పుడు, దాన్ని అనుమానించాలని ఎవరికీ అనిపించలేదు.

ఆ పుస్తకం రాయవాచకం. మధుర నాయకరాజ్యానికి మూలపురుషుడైన విశ్వనాథ నాయకుడి స్థానాపతి, అంటే రాయల కొలువులో ఆయన తరఫున ఉండే మనిషి, తన ప్రభువుకు పంపుకున్న విన్నపంలా అది సాగుతుంది. రాయలు ఏం చేశారు, మంత్రి తిమ్మరసు ఏం చెప్పాడు, వేగులవాళ్ళు తురకల రాజధానుల నుంచి ఏం కబురు తెచ్చారు, గజపతి మీదికి దండు ఎలా కదిలింది, అన్నీ వరసగా వస్తాయి. రచయిత పేరు ఎక్కడా లేదు. రాసింది పద్యంలో కాదు, వచనంలో; అదీ గ్రాంథికపు బిగింపు లేని, నోటి మాటకు దగ్గరైన వచనం. కావ్యమైతే కల్పన ఉంటుందని పాఠకుడు ముందే సిద్ధపడతాడు. ఇది కచేరీ కాగితంలా మాట్లాడుతుంది. నమ్మకం సగం ఆ గొంతు వల్లే కుదిరింది.

జయంతి రామయ్య పంతులు 1914లో దీన్ని ఆంధ్ర సాహిత్య పరిషత్పత్రికలో అచ్చువేశారు. 1933లో పుస్తకంగా వచ్చింది. మధ్యలో 1919లో ఎస్. కృష్ణస్వామి అయ్యంగారు విజయనగర చరిత్రకు ఆధారాలు సంకలనం చేసినప్పుడు ఇందులోని భాగాలకూ చోటిచ్చారు. అప్పటి పరిస్థితి గుర్తుపెట్టుకోవాలి. 1900లో రాబర్ట్ సీవెల్ రాసిన విజయనగర చరిత్ర వచ్చింది. అందులో కళ్ళతో చూసిన సాక్షులెవరంటే పోర్చుగీసువాళ్ళు: డొమింగో పేస్, ఫెర్నావ్ నూనిజ్. మన రాజు గురించి పరాయివాడి నోట వినాల్సి వస్తోందన్న బాధ ఉన్నచోట, తెలుగులో, కొలువు లోపలి నుంచి ఒక గొంతు వినిపించింది. పండితులు ఆప్యాయంగా అందుకున్నారు. రాయల దండయాత్రల వరస తేల్చడానికి దీన్ని సాక్ష్యంగా వాడారు. ఆ ఆత్రం నాకు అర్థమవుతుంది.

కానీ పుస్తకంలో కాలం అతకలేదు. రాయలు పట్టానికి వచ్చింది 1509లో. అప్పటికి బహమనీ సుల్తాను పేరుకైనా బీదరు గద్దె మీద ఉన్నాడు. రాయలు యవనరాజ్యస్థాపనాచార్యుడని బిరుదు పెట్టుకున్నది ఆ వంశాన్ని నిలబెట్టినందుకే. రాయవాచకంలోనేమో బీజాపూరు, గోల్కొండ, అహమదునగరం మూడూ స్థిరపడిన రాజ్యాలుగా ఎదురు నిలబడి ఉంటాయి. అది రాయల తర్వాతి దక్కను. ఇంకొకటి: లోకంలో న్యాయమైన సింహాసనాలు మూడేనంటుంది. అశ్వపతిది ఢిల్లీ, గజపతిది ఓఢ్రం, నరపతిది విజయనగరం. కాశీ విశ్వేశ్వరుడు, పూరీ జగన్నాథుడు, తిరుమల వేంకటేశ్వరుడు ఆ మూడింటికీ దైవబలం. ఇందులోని అశ్వపతి మొగలు పాదుషా. బాబరు పానిపట్టులో గెలిచింది 1526లో, రాయలు పోయింది 1529లో. ఆ మూడేళ్ళలో మొగలు గద్దెకు ఇంత పవిత్రత అబ్బడం జరిగే పని కాదు. అక్బరు ఏలుబడి చూసినవాడి ఊహ అది.

ఈ ముక్కలన్నీ ఒకచోట చేర్చి తేల్చింది అమెరికా పరిశోధకుడు ఫిలిప్ వాగనర్. ఆయన 1993లో రాయవాచకాన్ని ఇంగ్లీషులోకి అనువదించి, ఇది రాయల కాలంలో పుట్టలేదని, 16వ శతాబ్దం చివర మధుర నాయకుల ఆశ్రయంలో పుట్టిందని వాదించారు. అప్పటికి 1565లో దక్కను సుల్తానులతో యుద్ధం జరిగి విజయనగరం పాడుబడింది. అక్కడి అరవీటి రాజవంశం పెనుగొండకు, 1592 ప్రాంతంలో చంద్రగిరికి తరలింది. తిరుత్తణి నుంచి మన ఏటి ఒడ్డు దాకా ఆ చంద్రగిరి రాజు నేలే. మధురవాళ్ళు కూడా మాటకు ఆయన సామంతులే, కప్పం కట్టాల్సినవాళ్ళే. ఆ తల వంచడం తప్పించుకోవాలంటే ఏం చెప్పాలి? రాజ్యాధికారమంతా విజయనగరమనే ఆ పట్నంలోనే ఉందని, పట్నం పోయాక చంద్రగిరిలో కూర్చున్నవాడికి అది సంక్రమించదని, మాకు మాత్రం అసలు రాయల నుంచి నేరుగా వచ్చిందని. ఈ మాట మధురలో కూర్చున్నవాడు తన పేరుతో అంటే ఎవరూ వినరు. రాయల కొలువులో నిలబడి చూసిన స్థానాపతి అన్నట్టు రాస్తే వింటారు. వాగనర్ వాదనలో నాకు బలంగా కనిపించేది ఇదే: తేదీ తప్పని చెప్పి ఊరుకోకుండా, ఆ తేదీ ఎవరికి అవసరమైందో కూడా చూపించారు.

చూసినట్టు నమ్మించే రాతలు అన్ని దేశాల్లోనూ ఉన్నాయి. బయటపడ్డాక పాఠకులు ఎలా ఉంటారన్నదే వింత. జేమ్స్ ఫ్రే అనే అమెరికన్ తన వ్యసనం, జైలు గురించి 2003లో రాసిన జ్ఞాపకాల్లో కల్పితాలున్నాయని 2006 జనవరిలో తేలింది. టీవీలో ఓప్రా విన్‌ఫ్రీ ఆయన్ని ఎదురుగా కూర్చోబెట్టి నిలదీసింది. కోర్టు రాజీలో భాగంగా ప్రచురణకర్తలు డబ్బు వాపసు ఇస్తామన్నారు: గట్టి అట్ట పుస్తకం కొన్నవాళ్ళు 163వ పేజీ చింపి పంపాలి, నిజం తెలిస్తే కొనేవాళ్ళం కాదని ప్రమాణం చెయ్యాలి. పుస్తకం లక్షల్లో అమ్ముడైంది. అడిగినవాళ్ళు రెండువేలమంది కూడా లేరు. మిగతావాళ్ళంతా క్షమించేశారని అనుకోను. చదివి కన్నీళ్ళు పెట్టుకున్న పేజీని చింపడానికి చెయ్యి రాలేదేమో.

స్విట్జర్లాండులో బిన్యమిన్ విల్కోమిర్‌స్కీ సంగతి అంతకన్నా బరువైనది. నాజీ శిబిరాల్లో తన పసితనం గడిచిందని 1995లో రాశాడు, బహుమతులొచ్చాయి. 1998లో డేనియల్ గాంజ్‌ఫ్రీడ్ అనే రచయిత ఆయన స్విట్జర్లాండులోనే పుట్టి పెరిగినవాడని రుజువులతో బయటపెట్టాడు. ఇది నాకు క్షమించరానిదిగా కనిపిస్తుంది. నిజంగా ఆ శిబిరాల్లోంచి బతికి వచ్చినవాళ్ళ మాటను కూడా జనం అనుమానించే స్థితి అటువంటి రాతలే తెస్తాయి.

రాయవాచకం రాసినవాణ్ణి ఆ వరసలో నిలబెట్టలేను. అతను ఎవరి గాయాన్నీ తనదని చెప్పుకోలేదు. తన పేరుకు కీర్తీ తెచ్చుకోలేదు. అయినా సాక్ష్యం సాక్ష్యం కాదని తేలాక దాన్ని పాత పద్ధతిలో వాడటం తప్పు. రాయలు ఫలానా రోజు ఫలానా మాట అన్నారని దీన్ని చూపి ఇప్పటికీ చెబుతుంటే నాకు కష్టంగా ఉంటుంది. పేస్ రాయల ముఖం మీద మశూచి మచ్చలున్నాయని రాశాడు. ఆ మచ్చల వల్ల ఎవరి వాదనా గెలవదు, ఎవరి గద్దే నిలవదు. అక్కడ నిలబడి చూసినవాడికే అటువంటిది కంటపడుతుంది.

దక్షిణానికి వచ్చేసి, వెనక రాజధాని కాలిపోయాక, మేమెవరం, ఎవరి తరఫున ఏలుతున్నామని తేల్చుకోవలసి వచ్చిన తెలుగువాళ్ళ మాటగా చదివితే మాత్రం రాయవాచకం నిజమైన పత్రమే. తిరువళ్ళూరు జిల్లాలో మన పిల్లలు చదివే బడుల్లో ఒక్క పాఠమైనా ఇలా ఉండాలని నా కోరిక: ఒక పక్క పేస్ రాసిన పేజీ, ఇంకో పక్క స్థానాపతి విన్నపంలోని పేజీ. వాళ్ళిద్దరిలో అక్కడ ఉన్నదెవరో, లేనివాడు ఉన్నానని ఎందుకు చెప్పుకున్నాడో పిల్లలే కనిపెట్టాలి. ఆ తర్వాత ఇంటికెళ్ళి, మనవాళ్ళు ఎప్పుడొచ్చారని అవ్వనూ తాతనూ అడిగి, చెప్పింది చెప్పినట్టు, చెప్పినవాళ్ళ పేరుతో సహా రాసుకు రావాలి.