ఆట చెడింది, మళ్లీ ఎప్పుడు?

1969లో అమెరికాలోని మినియాపొలిస్-సెయింట్ పాల్ జంట నగరాల్లో డేవిడ్ వెస్లీ అనే యువకుడు తన స్నేహితుల కోసం ఒక వార్ గేమ్ సిద్ధం చేశాడు. కాలం నెపోలియన్‌ది. బ్రౌన్‌స్టీన్ అనే కల్పిత జర్మన్ పట్టణం, దానికోసం పోటీపడే సేనలు. తీరా ఆట రోజున అనుకున్నదానికంటే చాలా ఎక్కువమంది వచ్చిపడ్డారు. అందరినీ సేనాపతుల్ని చెయ్యలేడు, వచ్చినవాళ్లను ఊరికే కూర్చోబెట్టనూ లేడు. అందుకని ఒకరిని ఊరి మేయర్‌ని చేశాడు, ఒకరిని బ్యాంకర్‌ని, ఇంకొకరిని విశ్వవిద్యాలయం పెద్దని.

ఆట చెయ్యి దాటిపోవడానికి ఎంతోసేపు పట్టలేదు. రిఫరీని పక్కనబెట్టి ఆటగాళ్లు తమలో తామే గుసగుసలు, బేరసారాలు మొదలుపెట్టారు. ఇద్దరైతే మాటా మాటా పెరిగి ద్వంద్వయుద్ధానికి సవాలు విసురుకున్నారు. సైన్యాలు తలపడితే ఏం చెయ్యాలో వెస్లీ దగ్గర రూల్స్ ఉన్నాయి గానీ ఇద్దరు మనుషులు కొట్టుకుంటే ఏం చెయ్యాలో లేవు. అప్పటికప్పుడు ఏదో అల్లి గట్టెక్కించాడు. అంతా గందరగోళమైందనీ, ప్రయోగం విఫలమైందనీ అతను అనుకుంటుంటే, మిగతావాళ్లు మళ్లీ ఎప్పుడు ఆడిస్తావని వెంటపడ్డారు.

ఈ టేబుల్ ఆటల చరిత్రలో ముఖ్యమైన మలుపులు చాలావరకు ఇలాగే వచ్చాయి. తయారుచేసినవాడు ఒకటి అనుకుంటాడు, ఆడేవాళ్లకు ఇంకేదో రుచిస్తుంది. తమకు ఏది ఇష్టమో ఆడేదాకా వాళ్లకే తెలియదు.

మొదట్లో ఇష్టాయిష్టాల ప్రసక్తే లేదు. 1824లో ప్రష్యా సైన్యాధికారి యువ రైస్విట్జ్ రూపొందించిన క్రీగ్‌స్పీల్ అచ్చంగా అధికారుల శిక్షణ కోసం. నిజమైన మ్యాపులు, పాచికలు, మధ్యలో తీర్పు చెప్పే అంపైర్. కొన్ని దశాబ్దాలకు, ఆ రూల్స్ బరువు మొయ్యలేక, చాలామటుకు అంపైర్ విచక్షణకే వదిలేసే పద్ధతి వచ్చింది. 1876లో ప్రష్యా సైన్యాధికారి వెర్డీ దు వెర్నువా దాన్ని గట్టిగా సమర్థించాడు.

ఇంగ్లండులో రచయిత హెచ్.జి. వెల్స్‌కు మాత్రం ఆ అంపైరే గిట్టలేదు. సైనికాధికారులు ఆడే క్రీగ్‌స్పీల్ చప్పగా ఉంటుందని, అందులో ఉత్కంఠ లేదని 1913లో వచ్చిన తన 'లిటిల్ వార్స్'లో తేల్చేశాడు. ఆయనకు కావలసింది వేరు. ఓ మధ్యాహ్నం భోజనాలయ్యాక మిత్రుడొకడు, స్ప్రింగుతో పేలే బొమ్మ ఫిరంగితో బల్ల మీది బొమ్మ సిపాయిని పడగొట్టాడు. అక్కణ్ణుంచి పందేలు మొదలయ్యాయి. ఎన్‌సైక్లోపీడియా సంపుటాలు పేర్చి ఓ దేశాన్ని కట్టారు, వంతులవారీగా సిపాయిల్ని కదిపారు. ఎత్తు వెయ్యడానికి గంటలు పడుతోందని గడియారం పెట్టారు. విసుగు పుట్టించినదల్లా తీసేస్తూ, నవ్వు తెప్పించినదల్లా ఉంచుకుంటూ పోయారు. మీసాలు తిరిగిన పెద్దమనుషులు నేల మీద బోర్లా పడుకొని ఫిరంగి గురిచూసుకున్నారన్నమాట!

వెల్స్ తరిమేసిన అంపైర్‌ని మళ్లీ పిలుచుకొచ్చింది వెస్లీయే. మిన్నెసోటా విశ్వవిద్యాలయం లైబ్రరీలో ఆయనకు 1880 నాటి 'స్ట్రాటెగోస్' అనే అమెరికన్ సైనిక క్రీడా గ్రంథం దొరికింది. రూల్స్‌లో లేని పనైనా ఆటగాడు చేస్తానంటే రిఫరీ విని తేల్చవచ్చన్న ఆలోచన అందులోంచే పట్టుకున్నాడు. ఒకప్పుడు క్రమశిక్షణకు గుర్తైన అంపైర్ ఇక్కడ స్వేచ్ఛకు దారి తీశాడు. ఈ వ్యాసకర్త లెక్కలో ఈ కథ మొత్తానికీ ఆయువుపట్టు ఇదే.

వెస్లీ ఆటలో ఆ స్వేచ్ఛ రుచి మరిగిన డేవ్ ఆర్నెసన్ 1971లో బ్లాక్‌మూర్ అనే సొంత లోకాన్ని మొదలుపెట్టాడు. మంచి, చెడు పక్షాలు పెద్దపెద్ద సేనలతో పోరాడాలన్నది ఆయన పథకం. కోట కింద నేలమాళిగలు కూడా పెట్టాడు, అందులో రాక్షసులు, నిధులు. ఆటగాళ్లకు అవి ఎంత పట్టుకున్నాయంటే పైన యుద్ధం ఊసే మరిచిపోయారు. వాళ్లు కింద నిధులు తవ్వుకుంటుంటే పైన కోటే శత్రువుల చేతికి పోయింది. ఆర్నెసన్ వాళ్లను అక్కణ్ణుంచి ప్రవాసానికి పంపాడు. అక్కడా వాళ్లు నేలమాళిగలే వెతుక్కున్నారు.

1972 చివర్లో ఈ ఆటను విస్కాన్సిన్ రాష్ట్రం లేక్ జెనీవాలో గ్యారీ గైగాక్స్‌కు ఆడి చూపించారు. అప్పటికే వచ్చిన 'చైన్‌మెయిల్' అనే యుద్ధక్రీడ రూల్స్ పుస్తకం రచయితల్లో ఒకరాయన. 1974లో ఆర్నెసన్, గైగాక్స్ ఇద్దరి పేర్లతో, పాత్రలు ధరించి ఆడే 'డంజియన్స్ అండ్ డ్రాగన్స్' వచ్చింది. పెట్టెలో మూడు చిన్న పుస్తకాలు, వెల పది డాలర్లు, మొదటి ముద్రణ వెయ్యి ప్రతులు.

ఆట అమ్ముడుపోయింది గానీ దాన్ని ఎలా ఆడాలో మాత్రం ఎవరికి వారే తేల్చుకోవాల్సి వచ్చింది. ఆ పుస్తకాల్లో ఖాళీలు అన్ని ఉన్నాయి మరి. ఒక ఊళ్లో అది ఎత్తుల ఆట, పక్క ఊళ్లో నాటకం. 1975లో లాస్ ఏంజెలెస్ నుంచి లీ గోల్డ్ మొదలుపెట్టిన 'అలారమ్స్ అండ్ ఎక్స్‌కర్షన్స్' అనే అభిమానుల పత్రికలో ఎవరి పేజీలు వాళ్లే రాసి పంపేవారు. తమ బల్ల దగ్గర ఎలా ఆడుతున్నారో చెప్పుకున్నారు, అవతలివాళ్లు ఆడేదీ ఒక ఆటేనా అని దెబ్బలాడుకున్నారు.

1980లో గ్లెన్ బ్లాకో 'డిఫరెంట్ వరల్డ్స్' పత్రికలో ఈ తగవులకు ఒక రూపం ఇచ్చాడు. ఆడేవాళ్లలో నాలుగు ధోరణులున్నాయన్నాడు. తన పాత్రను పెంచి బలవంతుణ్ణి చేసుకోవడంలో ఒకరికి సరదా. ఎత్తుకు పైఎత్తు వెయ్యడంలో ఇంకొకరికి. వేరే మనిషిగా మారి మాట్లాడటంలో మూడోవారికి, కథ నడవడంలో నాలుగోవారికి. వ్యాసం చిన్నదే. కానీ రాక్షసుడితో బేరమాడదామనేవాడూ, ముందు కత్తి దూద్దామనేవాడూ ఒకే బల్ల దగ్గర ఎందుకు విసుక్కుంటున్నారో ఆ నాలుగు మాటలతో అర్థమైపోతుంది. ఇద్దరూ సరిగ్గానే ఆడుతున్నారు, ఆడుతున్న ఆటలే వేరు.

2002లో రాబిన్ లాస్ ఆట నడిపేవాళ్ల కోసం రాసిన చిన్న పుస్తకంలో ఆ జాబితాను ఏడుకు పెంచాడు. దెబ్బలాటలు తప్ప ఇంకేమీ అక్కర్లేనివాడు ఒకడు, ప్రతి ఆటలోనూ ఒకే రకం పాత్ర ఎంచుకునేవాడు మరొకడు. ఈ ఏడుగురిలో అందరికన్నా ముచ్చటైనవాడు క్యాజువల్ గేమర్. వాడికి ఎత్తులూ పట్టవు, కథా పట్టదు. మిత్రులు అక్కడున్నారు కాబట్టి వచ్చి వెనగ్గా కూర్చుంటాడు. వాణ్ణి ముందుకు తోసి హుషారు చెయ్యబోవద్దనీ, వాడి సరదా వాడికి అందుతూనే ఉందనీ లాస్ ఆట నడిపేవాళ్లకు చెబుతాడు.