గిరి తప్పితే లెక్క తప్పును

చదరంగపు గళ్ళలో ఒకటి, రెండు, నాలుగు, ఎనిమిది అంటూ గింజలను రెట్టింపు చేస్తూ పోయే కథ చదువరులకు కొత్త కాదు. అరవైనాలుగు గళ్ళూ నిండేసరికి మొత్తం గింజలు 1,84,46,74,40,73,70,95,51,615. అంటే రెండును అరవైనాలుగుసార్లు గుణించి, అందులోనుంచి ఒకటి తీసివేస్తే వచ్చేది. ఈ ఇరవై అంకెల సంఖ్య తెలుగులో ఒక చంపకమాలగా ఉన్నదని తెలిసిననాడు నాకు కలిగిన ఆశ్చర్యం ఇంతా అంతా కాదు.

ఆ పద్యం పావులూరి మల్లనది. 9వ శతాబ్దిలో మహావీరాచార్యుడు సంస్కృతంలో రచించిన గణితసారసంగ్రహాన్ని తెనిగించిన కవి ఆయన. సాహిత్య చరిత్రకారులు పలువురు ఆయనను 11వ శతాబ్దివాడిగా లెక్కిస్తారు. అంకెకు బదులు వస్తువు పేరు చెప్పే భూతసంఖ్యా పద్ధతిని ఆయన అనుసరించాడు. శరమంటే అయిదు, మన్మథుని బాణాలు అయిదు గనుక. గిరి అంటే ఏడు, కులపర్వతాలు ఏడు గనుక. కుంజరమంటే ఎనిమిది, దిగ్గజాలు ఎనిమిది గనుక. గగనం శూన్యం, కాబట్టి సున్న. అంకెలు ఒకట్ల స్థానం నుండి మొదలై ఎడమకు నడుస్తాయి.

ఆ పద్యాన్ని నోటుబుక్కులోకి ఎక్కించుకునేటప్పుడు నేనొక పొరపాటు చేశాను. విప్పి రాసుకుంటే పంతొమ్మిది అంకెలే వచ్చాయి. ఏది జారిందో అంకెలను చూస్తే తెలియలేదు, పద్యాన్ని పైకి చదివితే తెలిసింది. రెండవ పాదం కుంటింది. 21 అక్షరాలుండవలసిన చోట 19 ఉన్నాయి. 'గిరి' ఎగిరిపోయింది! తాటాకుల మీద తరతరాలుగా ఎత్తి రాసిన లేఖకులకు ఛందస్సు ఎంతటి కాపలాయో అప్పుడు బోధపడింది.

అయితే ఆ కాపలాకూ ఒక హద్దు ఉన్నది. 'గిరి'కి బదులు 'కరి' అని రాస్తే గణాలు చెడవు, యతిప్రాసలు చెడవు. ఏడు మాత్రం ఎనిమిది అవుతుంది. అప్పుడిక సంఖ్యే తన్ను తాను కాచుకోవాలి. అసలు సంఖ్య అంకెలన్నీ కూడితే 87, అది 3తో తెగుతుంది. 'కరి' చేరితే 88, తెగదు.

ఈ సంఖ్యకు ప్రధాన కారణాంకాలు ఏడు: 3, 5, 17, 257, 641, 65537, 6700417. ఇందులో 641కి వేరే చరిత్ర ఉన్నది. 3, 5, 17, 257, 65537 అనే వరుసలో తరువాతిదైన 4294967297 కూడా ప్రధాన సంఖ్యేనని 17వ శతాబ్దిలో ఫ్రాన్సు దేశపు ఫెర్మా నమ్మాడు. 1732లో ఆయిలర్ దానిని 641 నిశ్శేషంగా భాగిస్తుందని చూపాడు. ఆ ఆరు సంఖ్యల లబ్ధమే మన పద్యంలోని సంఖ్య.

ఫెర్మా పొరబడిన సంఖ్య తన చంపకమాలలో ఇమిడి ఉన్నదని మల్లనకు తెలిసే వీలు లేదు. ఒక్క అంకె తప్పకుండా మనకు అప్పగించాడు, అది చాలు. ఓపిక గల చదువరులు ఒక సాయంత్రం కాగితం తీసుకొని 641తో భాగించి చూడండి. శేషం మిగిలితే తప్పు మల్లనది మాత్రం కాదు.