వెనక్కి చూసే చేతి అద్దం

ముందు వెళ్ళే ఆటో ఉన్నట్టుండి కుడివైపుకి తిరుగుతుంది. లైటు వెయ్యడు, చెయ్యి చాపడు. మరీ దయ కలిగితే ఓ కాలు బయటపెట్టి ఆడిస్తాడు. ఆ కాలు ఆగమంటోందో, దాటుకుపొమ్మంటోందో ఆ పైవాడికే తెలియాలి. స్కూటరు మీద వెనకాల వస్తున్న మనకి గుండె ఝల్లుమంటుంది. మన వెనకనున్న కారాయన హారను మీంచి చెయ్యి తియ్యడు. ఇంకొకాయన గీతకి అటోకాలూ ఇటోకాలూ వేసినట్టు నడిరోడ్డున నింపాదిగా పోతుంటాడు. కుర్రాళ్ళ బళ్ళకి అద్దాలే ఉండవు, అందం చెడిపోతుందిట! వీళ్ళందర్నీ తప్పించుకుని ఇల్లు చేరామా, “ఆడవాళ్ళు బండెక్కితే అంతే” అని ఎవరో ఒకరు అననే అంటారు.

ఆ మాట విని విని విసుగొచ్చే, అసలీ అద్దాలూ గీతలూ సిగ్నళ్ళూ ఎక్కణ్ణించి వచ్చాయో వెతకడం మొదలుపెట్టాను. చెప్పొద్దూ, కాస్త గర్వంగానే ఉంది.

ఇంగ్లండులో డొరొతీ లెవిట్ అని ఒకావిడ ఉండేది. కార్ల కంపెనీ ఆఫీసులో ఉద్యోగానికని చేరి, కారు నడపడం నేర్చుకుని, పందేల్లో మగవాళ్ళతో పోటీకి దిగింది. 1906లో బ్లాక్‌పూల్‌లో ఆడవాళ్ళ వేగంలో రికార్డు సాధించింది. 1909లో ‘ది వుమన్ అండ్ ద కార్’ అనే పుస్తకం రాసింది. అందులో ఆవిడ చెప్పిన సంగతులు వింటే మీకు ముచ్చటేస్తుంది. సీటు కిందనున్న చిన్న సొరుగులో శుభ్రమైన చేతితొడుగులు, ఇంకో రుమాలు, పౌడరు, తలపిన్నులు, చేతి అద్దం, కాసిని చాక్లెట్లు కూడా పెట్టుకోవాలిట. ఒంటరిగా వెళ్ళే ఆడది తుపాకీ కూడా దగ్గరుంచుకుంటే మంచిదిట! ఆ అద్దం బొట్టు దిద్దుకోవడానికి కాదు లెండి. పిడి ఉన్న అద్దం ఒకటి చేతికందేలా ఉంచుకుని, రద్దీలో అప్పుడప్పుడూ పైకెత్తి వెనకాల ఎవరొస్తున్నారో చూసుకోమంది. రెండేళ్ళకి, 1911లో, ఇండియానాపొలిస్ 500 మైళ్ళ పందెంలో రే హారూన్ తన కారుకి అద్దం బిగించి గెలిచాడు. పేరంతా ఆయనకే దక్కింది. ఈ పుస్తకం ముందే ఉన్న మాట చాలామంది మర్చిపోయారు.

డొరొతీదింకా నయం. ఫ్లారెన్స్ లారెన్స్ కథ చదివాక మాత్రం నాకు చాలాసేపు మనసు బాగోలేదు. మూకీ సినిమాల రోజుల్లో అమెరికాలో మొదటి సినిమా తార అని ఆవిణ్ణే అంటారు. మొదట్లో నటుల పేర్లు తెర మీద వేసేవారు కాదు. అంచేత జనానికి ఆవిడ ‘బయోగ్రాఫ్ గర్ల్’, అంటే ఆ కంపెనీ పిల్ల. అంతే! ఆవిడకి కార్లంటే ప్రాణం. 1914 ప్రాంతాల్లో, బొత్తాం నొక్కితే కారు వెనక జెండా లాంటి చెయ్యి లేచి ఎటు తిరుగుతున్నామో చెప్పే ఏర్పాటు చేసింది. బ్రేకు తొక్కితే ‘ఆగు’ అన్న పలక పైకి లేచేది. మన ఆటోవాడి కాలుకి నూరేళ్ళ కిందటే ఆవిడ బదులు చెప్పిందన్న మాట. పేటెంటు మాత్రం తీసుకోలేదు. వాళ్ళమ్మ షార్లెట్ బ్రిడ్జ్‌వుడ్ 1917లో కారు అద్దాన్ని విద్యుత్తుతో తుడిచే సాధనానికి పేటెంటు తీసుకుంది. ఆవిడకీ ఒరిగిందేమీ లేదు. బ్యూక్ కంపెనీ 1939 మోడలు కార్లకి మిణుకుమిణుకుమనే సిగ్నల్ లైట్లు పెట్టి అమ్మింది. సినిమాల్లో ఎవరికీ పట్టని చిన్న వేషాలు వేసుకుంటూ బతికిన ఫ్లారెన్స్, 1938 డిసెంబరులో తన ప్రాణం తనే తీసుకుంది.

ఇక గీత సంగతి. 1917లో కాలిఫోర్నియాలో జూన్ మెకారొల్ అనే డాక్టరమ్మ కారులో వెళ్తుంటే ఎదురుగా వచ్చిన లారీ ఆవిణ్ణి ఇసకలోకి నెట్టేసింది. ఆవిడ ఊరుకోలేదు. రోడ్డు మధ్య గీత గియ్యమని అధికారుల చుట్టూ తిరిగింది. ఎవరూ కదలకపోతే తనే రంగూ కుంచే పట్టుకుని గీసిందని చెబుతారు. మిచిగన్‌లో 1911లోనే ఒకాయన ఇలాంటి గీత గీయించాడు, నిజమే. కానీ కాలిఫోర్నియా ప్రభుత్వం 1924లో ఈ పద్ధతిని ఒప్పుకోవడం వెనక ఈవిడ ఏళ్ళ తరబడి రాసిన అర్జీలున్నాయి. ఆడవాళ్ళ సంఘాలు కూడా వెంట నిలబడ్డాయి. ఇప్పుడక్కడ కొంత రోడ్డుకి ఆవిడ పేరే.

మరి హారను? అది మాత్రం మగవాళ్ళదే, మనకొద్దు! 1908లో మార్కెట్లోకి వచ్చిన క్లాక్సన్ హారనుని కనిపెట్టింది మిల్లర్ రీస్ హచిసన్. గ్రీకులో కీచుమని అరవడమనే మాట నుంచి ఆ పేరు పెట్టారు. చిత్రమేమిటంటే, వినపడని వాళ్ళ కోసం విద్యుత్తు వినికిడి యంత్రం తయారుచేసింది కూడా ఆయనే. ముందు చెవులు పోగొట్టి తరవాత యంత్రం అమ్ముకోవడానికే హారను కనిపెట్టాడని ఆయన మీద ఛలోక్తులు కూడా విసిరేవారట.

2019లో మన మోటారు వాహనాల చట్టాన్ని సవరించినప్పుడు, అవసరం లేకుండా హారను మోగిస్తే మొదటిసారి 1,000 రూపాయలు, మళ్ళీ చేస్తే 2,000 జరిమానా అని రాశారు. లారీల వెనక ‘హారన్ ఓకే ప్లీజ్’ రాయకూడదని మహారాష్ట్ర ప్రభుత్వం 2015లోనే ఉత్తర్వు ఇచ్చింది. మా వీధి చివర ఆగే ఇసక లారీ వెనక మాత్రం ఆ మూడు ముక్కలూ తామరపువ్వుల మధ్య ఇంకా నిగనిగలాడుతూనే ఉన్నాయి. కింద ‘అమ్మ దీవెన’ అని కూడా రాసుంది.